ప్రశ్నలూ జవాబులూ: రైల్లో భోజనం, కూర్చునే చోటు

రైలు ప్రయాణంలో తిండి ఏర్పాట్ల గురించి డెల్టా జిల్లాల పాఠకుల నుంచి ఇటీవల చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా నాన్నగారు ఉద్యోగరీత్యా తరచుగా హౌరా మెయిల్లో ప్రయాణం చేసేవారు. ఆ రైల్లో గుడ్డ పరచిన బల్ల ముందు కూర్చుని భోజనం చేసేవాళ్లమని చెప్పేవారు. ఇప్పుడు కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌లో వంట బోగీ ఉంది కానీ కూర్చుని తినే చోటు లేదు. ఆ ఏర్పాటు ఎందుకు పోయింది?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: మీ నాన్నగారు చెప్పినది డైనింగ్ కారు, మీరు చూస్తున్నది ప్యాంట్రీ కారు. డైనింగ్ కారులో ఒక కొస వంటగది, మిగిలిన భాగమంతా బల్లలూ కుర్చీలూ ఉంటాయి. ప్యాంట్రీ కారులో వంటగది, సరుకుల గది, పనివారు నడుం వాల్చే చోటు పెట్టె అంతా ఆక్రమించుకుంటాయి కనుక ప్రయాణికుడు అక్కడికి వెళ్లి కూర్చోవడం ఉండదు, పళ్లెమే అతని బెర్తు దగ్గరికి వస్తుంది.

రైల్లోనే వండి బల్ల మీద వడ్డించే పద్ధతికి ఊపు తెచ్చినవాడు అమెరికాలో జార్జ్ పుల్‌మన్. ఆయన 1868లో డెల్మోనికో అనే పేరుతో భోజనానికే ప్రత్యేకించిన బోగీని నడిపాడు. ఇంగ్లండులో 1879లో లండన్, లీడ్స్ నగరాల మధ్య అలాంటిది మొదలైంది. అంతకు ముందు భోజనవేళకు రైలును ఏదో ఒక స్టేషన్లో నిలిపితే జనం దిగి, గబగబా తిని, కూత వినగానే పరుగెత్తి ఎక్కేవారు. భోజనాల బోగీ వచ్చాక కూడా, పెట్టె నుంచి పెట్టెకు లోపలి దారి లేని రైళ్లలో ఒక స్టేషన్లో దిగి ఆ బోగీ ఎక్కాలి, తినడం అయ్యాక మరో స్టేషన్ వచ్చేదాకా అక్కడే కూర్చోవాలి. తొందరలేని కాలం, పైగా తొందరలేని తరగతి. మన దేశంలో ఆ వైభవం చాలావరకు పై తరగతుల టికెట్టు కొన్నవారికే దక్కిందన్న సంగతిని పాతరోజులు తలుచుకునేటప్పుడు మనం మరిచిపోతుంటాం.

ఆ ఏర్పాటు ఎందుకు పోయిందో తెలియాలంటే కాస్త లెక్క వేయాలి. ప్లాట్‌ఫారాల పొడవును బట్టి ఒక రైలుకు పెట్టగలిగిన బోగీలకు హద్దు ఉంది. మన పెద్ద రైళ్లు సాధారణంగా ఇరవై రెండు, ఇరవై నాలుగు బోగీల దగ్గర ఆగిపోతాయి. ఎల్‌హెచ్‌బీ అనే ఇప్పటి కొత్త రకం స్లీపర్ బోగీలో 80 బెర్తులు, మూడో తరగతి ఏసీలో 72 బెర్తులు ఉంటాయి. టికెట్టు అమ్మలేని బోగీని ఒకదాన్ని తగిలించడమంటే వెయిటింగ్ లిస్టులో ఉన్న అంతమందిని దించేయడమే. పోనీ దానివల్ల ఎందరికి మేలు? నలభై కుర్చీల బోగీలో ఒక్కో బంతి గంటసేపు సాగిందనుకుంటే పన్నెండు నుంచి మూడు దాకా తినగలిగేవారు నూట ఇరవై మంది. రైల్లో ఉన్నవారు వెయ్యికి పైమాటే. కాబట్టి దాన్ని తీసేయడం కేవలం పిసినారితనం వల్ల జరిగిందని మేం అనుకోవడం లేదు.

అయితే ప్యాంట్రీ కారు కూడా ఇప్పుడు మునుపటిలా లేదు. 1999లో ఏర్పడిన ఐఆర్‌సీటీసీ చేతిలో ఉన్న భోజన ఏర్పాట్లను 2010 విధానంతో చాలావరకు రైల్వే జోన్లు తిరిగి తీసుకున్నాయి. 2017 విధానం మళ్లీ వాటిని ఐఆర్‌సీటీసీకే అప్పగించింది. వంటను పంపిణీ నుంచి విడదీసి, నేల మీద పెద్ద వంటశాలల్లో వండించి రైళ్లకు అందించాలన్నది ఆ విధానంలోని ముఖ్యాంశం. కొత్త రకం బోగీల్లో గ్యాసు మంట బదులు కరెంటుతో వేడిచేసే పరికరాలు వస్తున్నాయి. మంట పోవడం భద్రత రీత్యా మంచిదే. కానీ ఎక్కడో వండి, మూతలు బిగించి, గంటల తరువాత వేడిచేసిన అన్నం ఎలా ఉంటుందో తిన్నవారికి తెలుసు.

ప్రశ్న: నర్సాపురం నుంచి హైదరాబాదు వెళ్లే రైలుకు గానీ, కాకినాడ గౌతమికి గానీ ప్యాంట్రీ కారు ఎందుకు పెట్టరు? అందరం కలిసి అర్జీ పెడితే ఫలితం ఉంటుందా?
– ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం

జవాబు: ఉండదు, ఉండాలని మేం కోరుకోవడం కూడా లేదు. ఆ రైళ్లు మన జిల్లాల్లో సాయంత్రమో రాత్రో బయలుదేరి తెల్లవారేసరికి హైదరాబాదు చేరుతాయి. ఇంట్లో తినో, పెరుగన్నం పొట్లం కట్టుకునో ఎక్కేవారే ఎక్కువ. అర్జీ పెట్టాలంటే ఆ బోగీ స్థానంలో మరో స్లీపర్ అడగండి. సంక్రాంతికి ఊరు రాలేక అవస్థపడేవారు దీవిస్తారు. ప్యాంట్రీ లేని రైళ్లలో దారిలోని స్టేషన్ల నుంచి అనుమతి పొందినవారు ఎక్కి టీ, టిఫిను అమ్మే ఏర్పాటు ఒకటి ఉంది. ఒక రాత్రి ప్రయాణానికి అది చాలు.

ప్రశ్న: ఇటీవల చెన్నై వైపు వెళ్తుండగా రైల్లో భోజనానికి పట్టికలో ఉన్న ధరకంటే ఎక్కువ తీసుకున్నారు. బిల్లు అడిగితే మిషను పాడైందన్నారు. ఇలాంటప్పుడు ఏం చేయాలి? బయటి హోటలు భోజనం తెప్పించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: బిల్లు ఇవ్వకపోతే డబ్బు ఇవ్వనక్కరలేదని రైల్వేశాఖే ప్రకటించింది, ఆ మాట బోగీల్లో రాసి కూడా పెట్టారు. మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్లలో మామూలు శాకాహార భోజనం 80 రూపాయలు, కోడిగుడ్డు కూరతో 90 రూపాయలు. అదే శాకాహార భోజనం స్టేషన్లో 70 రూపాయలు. లీటరు రైల్‌నీర్ సీసా ధరను 2025 సెప్టెంబరులో 15 నుంచి 14 రూపాయలకు తగ్గించారు. చిల్లర లేదంటూ ఆ రూపాయి ఉంచేసుకునేవారూ ఉన్నారు. ఇలాంటివాటి మీద 139 నంబరుకు ఫోన్ చేయవచ్చు, లేదా రైల్ మదద్ యాప్‌లో పీఎన్‌ఆర్ నంబరుతో సహా రాయవచ్చు. రైలు దిగాక రాసేదానికంటే రైల్లో ఉండగానే రాసేదానికి విలువ ఎక్కువ, ఎందుకంటే ఆ మనిషి, ఆ పళ్లెం అక్కడే ఉంటారు.

బయటి భోజనం నిక్షేపంగా తెప్పించుకోవచ్చు. ఐఆర్‌సీటీసీ ఈ–కేటరింగ్‌లో పీఎన్‌ఆర్ నంబరు ఇస్తే మీ రైలు ఏ స్టేషన్లో ఏ వేళకు ఆగుతుందో, అక్కడ ఏ హోటళ్లు ఉన్నాయో చూపిస్తుంది. ఎంచుకున్న భోజనం ఆ స్టేషన్లో మీ సీటు దగ్గరికే వస్తుంది. ఇదే పనికి ఇతర సంస్థలు కూడా ఒప్పందాలు చేసుకున్నాయి. 2024లో స్విగ్గీ మొదటగా పనిచేసిన నాలుగు స్టేషన్లలో విజయవాడ, విశాఖపట్నం ఉన్నాయి. ఒక్క జాగ్రత్త: రెండు నిమిషాలు ఆగే చోటికి కాక, విజయవాడ వంటి ఎక్కువసేపు ఆగే జంక్షనుకే ఆర్డరు పెట్టండి.

ప్రశ్న: విదేశీ రైళ్లలో సీటు వదిలి వెళ్లి కూర్చుని కబుర్లు చెప్పుకునే ప్రత్యేక బోగీలు ఉంటాయని చదివాను. మన దేశంలో సామాన్యుడు టికెట్టు కొని ఎక్కగలిగే రైళ్లలో అలాంటిది ఉందా?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: మీరడిగినది లాంజ్ కారు. మహారాజాస్ ఎక్స్‌ప్రెస్ వంటి విలాస రైళ్లలో అది ఉంది. అక్కడ భోజనానికే రంగ్ మహల్, మయూర్ మహల్ అని రెండు బోగీలు కేటాయించారు. వాటి టికెట్టు ధర మన ప్రశ్నకు సంబంధం లేనిది. మామూలు ప్రయాణికుడికి దగ్గరగా వచ్చేది పుణె, ముంబయి మధ్య 1930 జూన్ 1 నుంచి నడుస్తున్న దక్కన్ క్వీన్. మూడున్నర గంటల లోపు ముగిసే ప్రయాణానికి బల్లలు వేసిన భోజన బోగీని ఆ రైలు ఈనాటికీ వదులుకోలేదు. 2022లో కొత్త బోగీలు వచ్చినప్పుడు కూడా నలభై మంది కూర్చునే భోజన బోగీని అమర్చారు. రోజంతా సాగే రైళ్లలో లేనిది పూట కూడా పట్టని రైల్లో ఉండటం విచిత్రంగా కనిపిస్తుంది కానీ, దాని వెనక రోజూ తిరిగే ప్రయాణికుల పట్టుదల ఉంది.

మనకు దగ్గరలో విశాఖపట్నం నుంచి అరకు మీదుగా కిరందూల్ వెళ్లే రైలుకు 2017 ఏప్రిల్లో అద్దాల పైకప్పు, ఎటు కావాలంటే అటు తిరిగే సీట్లు ఉన్న విస్టాడోమ్ బోగీ తగిలించారు. అది చూడటానికి బాగుంటుంది, కానీ అది కూడా ఎవరి సీటు వారిదే అయిన బోగీ. మిగిలిన బోగీల వారు వచ్చి కాసేపు కూర్చోవడానికి కాదు.

ఇక్కడే మాకొక పేచీ ఉంది. భోజనం బెర్తు దగ్గరికి తేవడానికి ప్యాంట్రీ, ఈ–కేటరింగ్, స్టేషన్ అమ్మకాలు అంటూ మూడు దారులున్నాయి. కూర్చుని బయటికి చూసే చోటుకు మాత్రం మరో దారి లేదు. పై బెర్తు దొరికినవాడు కింది బెర్తు ఆయన నిద్ర లేచేదాకా మెడ వంచుకుని ఉండాల్సిందే. మూడు కిలోమీటర్లకు కాస్త తక్కువగా ఉండే గోదావరి వంతెన మీదుగా రైలు పోతున్నప్పుడు ఏసీ బోగీలో సగంమందికి, మసకబారిన అద్దం వల్ల, నీళ్లే కనిపించవు. చిల్లర వేద్దామని లేచినవారికి తలుపు దగ్గర చోటుండదు. పగలంతా నడిచే దూరప్రయాణపు రైళ్లలో, ఎలాగూ ఉన్న ప్యాంట్రీ కారును వేడిచేసే పరికరాలతో కుదించగలిగితే, మిగిలిన సగంలో కిటికీల వైపు తిరిగిన బెంచీలు వేసి, అరగంటకు మించి కూర్చోరాదన్న నియమం పెట్టవచ్చు. అడగవలసింది బల్లలూ తెల్లగుడ్డలూ కాదు, ఇది.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అమ్మాయి మమ్మల్ని షికాగో నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వైపు రైల్లో తీసుకువెళతానంటోంది. రెండు రాత్రుల ప్రయాణమట. మేం శాకాహారులం, మాంసం పక్కన కూర్చోవడం కూడా అలవాటు లేదు. అక్కడి భోజన ఏర్పాట్లు ఎలా ఉంటాయో వివరించగలరు.
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: అమ్మా, మీరు వెళ్లబోయేది కాలిఫోర్నియా జెఫర్ అయి ఉంటుంది. ఆమ్‌ట్రాక్ సంస్థ నడిపే ఈ రైలు షికాగో నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎదురుగట్టున ఉన్న ఎమరీవిల్ దాకా సుమారు 3,900 కిలోమీటర్లు వెళుతుంది. అక్కడి నుంచి బస్సు కలుపుతారు. దాని బోగీలు రెండంతస్తులవి. భోజనాల బోగీలో వంటగది కింద, బల్లలు పైన ఉంటాయి, వండినవి చిన్న లిఫ్టులో పైకి వస్తాయి.

పడక గది టికెట్టు తీసుకుంటే భోజనం ఖర్చు అందులోనే కలిసి ఉంటుంది. మధ్యాహ్నం, రాత్రి భోజనాలకు సిబ్బంది ముందే వచ్చి ఏ వేళకు వస్తారని అడిగి రాసుకుంటారు. బల్లకు నలుగురు చొప్పున కూర్చోబెడతారు కాబట్టి, మీరు ముగ్గురే వెళితే నాలుగో కుర్చీలో తెలియని మనిషిని కూర్చోబెట్టే వీలుంది. ఆ మనిషి ఎదురుగా మాంసం తినవచ్చు. ఇది మీకు కష్టమనిపిస్తే, భోజనం గదికే తెచ్చిపెట్టమని మీ బోగీ సహాయకుణ్ని అడగండి. జాబితాలో శాకాహార వంటకం ఉంటుంది, కానీ అన్నం, పప్పు, చారు ఆశించకండి. గుడ్డు, జున్ను కలిసినవి ఉంటాయి కనుక గుడ్డు కూడా తినకపోతే ఆ మాట విడిగా చెప్పాలి. మీరు తీసుకెళ్లిన పులిహోర మీ సీట్లోనో గదిలోనో తినవచ్చు. దాన్ని వేడి చేసివ్వమన్నా, వారి ఫ్రిజ్‌లో దాచమన్నా ఒప్పుకోరు. కాబట్టి రెండో రోజుకు చింతపండు పులిహోర కంటే అటుకులు, కారప్పొడి, వేయించిన పప్పులు నమ్మదగినవి.

మామూలు సీటు టికెట్టు వారికి లాంజ్ బోగీ కింది అంతస్తులో చిన్న కేఫ్ ఉంది. కాఫీ, రొట్టెల మధ్య పెట్టిన పదార్థాలు డబ్బిచ్చి కొనుక్కోవచ్చు. పై అంతస్తు మాత్రం టికెట్టు ఏదైనా అందరిదీ. అక్కడ కిటికీ అద్దాలు పైకప్పు వంపు దాకా వెళతాయి, కుర్చీలు బయటివైపు తిరిగి ఉంటాయి. రైలు డెన్వర్ దాటి రాకీ పర్వతాలు ఎక్కేటప్పుడు చోటు దొరకదు, పొద్దున్నే వెళ్లి కూర్చోండి.

ఆ దేశంలోనూ ఈ బోగీలు తేలికగా నిలవలేదు. రైలు భోజనం మీద వచ్చే నష్టాన్ని అయిదేళ్లలో పూర్తిగా తీర్చాలని 2015లో చట్టం చేశారు. ఆ తరువాత కొన్ని రైళ్లలో అప్పటికప్పుడు వండటం మాని, ముందే తయారైన భోజనాన్ని వేడిచేసి ఇవ్వడం మొదలుపెట్టారు. 2021లో పశ్చిమాన నడిచే దూరప్రయాణపు రైళ్లకు వంట తిరిగి వచ్చింది, నష్టం తీర్చాలన్న ఆ నిబంధనను కూడా అదే ఏడు మరో చట్టంతో తొలగించారు. తూర్పున న్యూయార్కు నుంచి షికాగో వెళ్లే రైలు కూడా మీ ప్రయాణంలో ఉంటే, అక్కడి బోగీలు ఒకే అంతస్తువనీ, భోజనం ఏర్పాటు వేరుగా ఉండవచ్చనీ గుర్తుంచుకుని, టికెట్టు కొనేటప్పుడే అమ్మాయిని కనుక్కోమనండి.

ప్రశ్న: మా ఊరివాళ్లం ఒక బోగీ మాట్లాడుకుని, వంటవాళ్లతో సహా కాశీ వెళదామనుకుంటున్నాం. చిన్న గ్యాసు బండ ఒకటి పెట్టుకుంటే తప్పా?
– ఒక పాఠకుడు, రావులపాలెం

జవాబు: తప్పే, చట్టరీత్యా నేరం కూడా. 2023 ఆగస్టు 26న మధురై స్టేషన్ దగ్గర నిలిపి ఉంచిన యాత్రికుల బోగీలో, ఎవరికీ చెప్పకుండా తెచ్చిన గ్యాసు బండతో వంట చేస్తుండగా మంటలు చెలరేగి తొమ్మిది మంది చనిపోయారు. వారు కూడా మీలాగే బోగీ మాట్లాడుకుని వచ్చినవారు. కిరసనాయిలు పొయ్యి, స్పిరిటు పొయ్యి కూడా ఇదే కోవలోకి వస్తాయి. వంటవాళ్లను తీసుకెళ్లడానికి అభ్యంతరం లేదు. కాశీలో దిగాక సత్రంలో వండించుకోండి. దారిలో తిండికి ఈ–కేటరింగ్‌లో గుంపు మొత్తానికి ఒకేసారి ఆర్డరు ఇచ్చే వీలుంది. లేదా భోజనంతో సహా టికెట్టు ఇచ్చే భారత్ గౌరవ్ యాత్రా రైళ్లలో కాశీ వెళ్లేవి చూసుకోండి. ఆ రైళ్లలో ప్యాంట్రీ కారు ఉంటుంది, టికెట్లు ఐఆర్‌సీటీసీ పర్యాటక విభాగం దగ్గర దొరుకుతాయి.