శుక్రవారం వస్తే చాలు, నాకు నిద్ర పట్టదు

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. మా వారు రొయ్యల గుంటలు చేస్తారు. మా అమ్మాయికి పదహారేళ్లు. టెన్త్ అయ్యాక, అక్కడి కుటుంబంతో ఉంచి ఏడాది చదివించే ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాంలో సెలెక్టయి జె-1 వీసా మీద ఆగస్టులో అమెరికా వెళ్ళింది. మిన్నెసోటాలో ఒక కుటుంబంతో ఉంటూ అక్కడి హైస్కూల్లో చదువుతోంది. భార్యాభర్తలు, ఇద్దరు చిన్నపిల్లలు. మంచివాళ్ళే. కానీ శుక్రవారం సాయంత్రమైతే కారెక్కించి ఎక్కడికో ఒక చోటికి తీసుకెళ్తారు. సరస్సు ఒడ్డున వాళ్ళకి చిన్న ఇల్లుంది, కేబిన్ అంటారు. అక్కడ సిగ్నల్ ఉండదు. డిసెంబర్లో గడ్డకట్టిన సరస్సు మీద నిలబడి వీడియో పంపింది. చూసి నా గుండె ఆగినంత పనైంది. మా అత్తగారేమో, "వారం వారం ఊళ్ళు తిరగతా ఉంటే చదువెప్పుడు చదవతాది? ఎవురి చేతిలో పెట్టినావు పిల్లని?" అని రోజూ సాధిస్తారు. పాప కూడా ఒకసారి, "అలిసిపోతున్నానమ్మా, ఒక్క ఆదివారం ఇంట్లో పడుకోవాలనుంది, రానంటే ఏమనుకుంటారో" అంది. ఒంట్లో బాగాలేదని చెప్పెయ్యమన్నాను. అలాగే చెప్పింది. వాళ్ళు ప్రయాణమే మానుకుని దాన్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారట. ఆ రాత్రి ఏడుస్తూ ఫోన్ చేసింది. అప్పట్నుంచి నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది. రోజూ పొద్దున ఏడింటికి చేసే ఫోన్ నవంబర్ నుంచే ఎనిమిదికి జరిగింది. ఫొటోల కింద ఆ ఇంటావిణ్ణి 'మామ్' అని రాస్తోంది. మధ్యలోనే వెనక్కి పిలిపించేద్దామా?

జవాబు: వెనక్కి పిలిపించాల్సినంత విషయం మీ ఉత్తరంలో నాకు కనబడలేదమ్మా. మాట్లాడుకుని చక్కబెట్టుకోవాల్సినవి మాత్రం ఉన్నాయి. వాటిలో ఒకటి వెంటనే చెయ్యాలి.

ముందు చిన్నది తేల్చేద్దాం. నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. మిన్నెసోటాకీ మనకీ అంతదాకా పదిన్నర గంటల తేడా ఉంటే, ఆ రోజు నుంచి పదకొండున్నర అవుతుంది. మీ పాప మొదట్నుంచీ అక్కడ రాత్రి ఎనిమిదిన్నరకే చేస్తోంది. మీకది ఇదివరకు పొద్దున ఏడు, ఇప్పుడు ఎనిమిది. మార్చి రెండో ఆదివారం మళ్ళీ గంట ముందుకు తిప్పుతారు, ఫోన్ ఏడింటికే వస్తుంది. మీ పాప ఫోన్ వాయిదా వెయ్యలేదు. ఇన్ని నెలలుగా తన టైము తప్పకుండా చేస్తోంది. మీ అత్తగారికి కూడా ఈ మాట చెప్పండి.

ఇక వెంటనే చెయ్యాల్సింది. ఒంట్లో బాగాలేదన్న ఆ అబద్ధాన్ని సరిచెయ్యాలి. మీరు చెడ్డ ఉద్దేశంతో చెప్పమనలేదు. మన ఇళ్ళలో పిలుపు తప్పించుకోవడానికి జ్వరం, తలనొప్పి చెప్పడం మామూలే, అవతలివాళ్ళకీ అది తెలుసు, పట్టించుకోరు. కానీ పరాయి దేశంలో మైనర్ పిల్ల బాధ్యత తీసుకున్న మనుషులకి జ్వరం అని చెబితే వాళ్ళు దాన్ని జ్వరంగానే తీసుకుంటారు. ప్రయాణం మానుకున్నారు, డాక్టర్‌కి చూపించారు. లేని జబ్బుకి వాళ్ళంత హడావిడి పడుతుంటే మీ పాప ఆ కుర్చీలో ఎలా కూర్చుని ఉంటుందో ఊహించండి. అది ఏడ్చింది అందుకే. మీతో ముక్తసరిగా మాట్లాడుతోందంటే కోపం కొంతే, సిగ్గు ఎక్కువ.

కాబట్టి ఈ ఆదివారం ఫోన్లో మిగతా మాటలన్నీ పక్కనబెట్టి ముందు ఇది చెప్పండి: "ఆ రోజు అలా చెప్పమనడం నాది పొరపాటు. నీది కాదు. వాళ్ళకి ఉన్నమాట చెప్పెయ్, నేను చెప్పమన్నానని కూడా చెప్పు." పాప ఆ ఇంటావిడతో (హోస్ట్ అమ్మతో) కూర్చుని, "ఆ రోజు నాకు జబ్బు లేదు, బాగా అలిసిపోయాను, రాలేనని చెప్పడానికి భయపడ్డాను, సారీ" అంటే చాలు. ఇంటికి పిల్లల్ని తెచ్చుకునేవాళ్ళకి ఈ భయం కొత్త కాదు, ముఖ్యంగా మన వైపు పిల్లల దగ్గర. ఆవిడ కాస్త నొచ్చుకోవచ్చు. నొచ్చుకున్నా పర్వాలేదు. దాచిపెడితే మాత్రం మిగిలిన నెలలన్నీ మీ పాప ఆ ఇంట్లో తలొంచుకుని తిరగాల్సి వస్తుంది.

ఇంతకీ వాళ్ళు వారం వారం ఎందుకు తీసుకెళ్తున్నారు? ఈ ప్రోగ్రాంలో పిల్లల్ని ఇంట్లో పెట్టుకునే కుటుంబాలకి అద్దె, జీతం ఏమీ ముట్టదు. గది ఇచ్చి, అన్నం పెట్టి, ఇంటి మనిషిలా చూసుకోవాలనే తీసుకుంటారు. మిన్నెసోటాలో సరస్సులు పదివేలకు పైనే ఉన్నాయి. సొంతంగానో, చుట్టాలదో, స్నేహితులదో ఒక కేబిన్ ఉండటం, శుక్రవారం బడి అవగానే కారెక్కి అక్కడికి పోవడం ఆ ప్రాంతంలో చాలా కుటుంబాల అలవాటు. మీ ఇంట్లో ఎవరిదో పిల్ల ఏడాది ఉండి చదువుకుంటుంటే, మీరంతా పెంచలకోనకో మైపాడు బీచికో పోతూ ఆ పిల్లని ఇంట్లో పెట్టి తాళం వేసుకుని పోతారా? వాళ్ళూ అంతే. పైగా ఎక్స్ఛేంజ్ పిల్లల్ని రాత్రంతా ఒంటరిగా ఇంట్లో వదలడానికి ఈ ప్రోగ్రాం నడిపే చాలా సంస్థలు ఒప్పుకోవు. "నేను రాను, మీరు వెళ్ళండి" అని పాప అంటే, ఆ రెండు రాత్రులు తనెక్కడుండాలో వాళ్ళు వెతకాలి. అందుకే రానని చెప్పడం ముందుగా చెప్పాలి. శుక్రవారం బ్యాగులు కారులో పెట్టేటప్పుడు కాకుండా మంగళవారమో బుధవారమో చెబితే స్కూలు స్నేహితురాలి ఇంట్లోనో, సంస్థ తరఫున ఉండే లోకల్ కోఆర్డినేటర్ దగ్గరో ఏర్పాటు చేసుకోవడానికి టైముంటుంది.

ఎలా చెప్పాలో కూడా పాపకి నేర్పండి. మన పిల్లలకి పెద్దవాళ్ళు అడిగితే తలూపడమే తెలుసు. లోపల ఇష్టం లేకపోయినా "సరే" అంటారు. అక్కడివాళ్ళు ఆ "సరే"ని నిజంగా సరే అనే అనుకుంటారు. మొహం చూసి కనిపెట్టి, "పోనీలే అమ్మా, పడుకో" అనరు. మనసులో ఉన్నది మాటల్లో చెప్పాల్సిందే. మూడు సంగతులు చెబితే చాలు: పిలిచినందుకు సంతోషం, ఈ వారం ఇంట్లోనే ఉండాలనుంది, వచ్చే వారం తప్పకుండా వస్తాను. కారణాల చిట్టా అక్కర్లేదు. నెలకి ఒక వారాంతం ఇంటి పట్టున ఉండాలని ముందే అడిగి అనుకుంటే ఇంకా మేలు, ప్రతి వారం టెన్షన్ ఉండదు. ఇంట్లో ఉండిపోయిన ఆ శనివారం, "ఈ రోజు వంట నాది" అని పాపే అంటే మరీ బాగుంటుంది. చేపల పులుసు ఎలా పెట్టాలో మీరు వీడియో కాల్లో చెప్పండి. చింతపండు, కారం ఆసియా సరుకుల కొట్టులో దొరుకుతాయి. ఒక పూట తన చేతి వంట తిన్నాక వాళ్ళకీ మీ పాప ఎక్కణ్ణుంచి వచ్చిందో కాస్త తెలుస్తుంది.

గడ్డకట్టిన సరస్సు సంగతికి వద్దాం. మీ భయం న్యాయమైనదే. నీళ్ళ పక్కనే బతికేవాళ్ళకి నీళ్ళంటే భయం ఉండాలి కూడా. ఆ వైపు చలికాలంలో సరస్సు మీద నడవడం, మంచుకి కన్నం పెట్టి చేపలు పట్టడం అందరూ చేసేదే. దానికి లెక్కలున్నాయి. నడవాలంటే గట్టి కొత్త మంచు కనీసం 4 అంగుళాల మందం ఉండాలని అక్కడి ప్రభుత్వ శాఖే చెబుతుంది. ఎంత మందం ఉన్నా నూటికి నూరుపాళ్ళు క్షేమం అనుకోవద్దనీ అదే శాఖ చెబుతుంది. నీళ్ళు పారే చోట, ఊటలున్న చోట మంచు పలచగా ఉంటుంది. కాబట్టి వెళ్ళొద్దనే బదులు పాప చేత అడిగించండి: ఈ రోజు మంచు కొలిచారా, ఎంతుంది? చేపలు పట్టడానికి మంచు మీద వేసే చిన్న గుడిసెలో హీటర్ పెడతారు కదా, గాలి ఆడటానికి సందుందా, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా? ఆ గ్యాస్‌కి రంగూ వాసనా ఉండవు, మూసిన గుడిసెలో ప్రాణం మీదికి తెస్తుంది. ఈ ప్రశ్నలు అడిగితే ఎవరూ తప్పుపట్టరు. పెద్దవాళ్ళు తోడు లేకుండా పిల్లలతో కలిసి మంచు మీదికి అడుగు పెట్టనని మాత్రం పాప దగ్గర మాట తీసుకోండి.

సిగ్నల్ లేని చోటికి పోతున్నారంటే మీకు కావాల్సింది గంటగంటకీ మెసేజ్ కాదు. బయల్దేరే ముందు మూడు ముక్కలు: ఎక్కడికి, ఎవరెవరు, ఎప్పటికి తిరిగొస్తారు. అక్కడ ల్యాండ్‌లైన్ గానీ పక్కింటి నంబర్ గానీ ఉంటే అది. ఆదివారం ఇల్లు చేరాక ఒక మెసేజ్. మధ్యలో మీరు ఫోన్ చూసుకుంటూ కూర్చోవద్దు. మీరు ఎదురుచూస్తున్నారని తెలిస్తే పాప అక్కడ సరస్సు ఒడ్డున కూడా ఫోన్ ఎత్తి పట్టుకుని సిగ్నల్ కోసం తిరుగుతూ ఉంటుంది.

తిండి గురించి మీరు రాయలేదు గానీ, చెప్పడం మంచిది. గొడ్డుమాంసం తినకపోతే ఆ మాట స్పష్టంగా చెప్పి ఉంచాలి. పిజ్జా మీద వేసే పెప్పరోనీలో మామూలుగా పంది, గొడ్డు మాంసం కలిపి ఉంటాయి. హాట్‌డాగ్‌లోనూ ఉండొచ్చు. క్యాంప్‌ఫైర్ దగ్గర కాల్చే మార్ష్‌మాలో అనే మెత్తటి మిఠాయిలో ఎక్కువగా జంతువుల నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది. తెలియక తింటే కొంపలేమీ మునగవు, ఇంట్లో ఎవరూ దాన్ని పెద్దది చెయ్యొద్దు. చర్చి అంటారా, ఇష్టమైతే చూడ్డానికి వెళ్ళొచ్చు, ఇష్టం లేకపోతే మర్యాదగా రానని చెప్పొచ్చు. ఖర్చు దగ్గర మాత్రం మొహమాటం వద్దు. టికెట్ ఉన్న చోటికి వెళ్తుంటే, "నా టికెట్ నేను కొనుక్కోవాలా?" అని ముందే అడగాలి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఇబ్బందులు. ప్రమాదం వేరు. తాగి కారు నడపడం, ఎవరైనా ఒంటి మీద చెయ్యి వెయ్యడం, గదిలోకి అడగకుండా రావడం, ఫోనో పాస్‌పోర్టో లాక్కోవడం, "ఇది మీ అమ్మకి చెప్పొద్దు" అనడం, ఇలాంటిది ఒక్కసారి జరిగినా మొహమాటం, మర్యాద, కృతజ్ఞత అన్నీ పక్కనబెట్టాలి. ఈ ప్రోగ్రాంలో లోకల్ కోఆర్డినేటర్ నెలకి ఒకసారైనా పిల్లతోనూ, కుటుంబంతోనూ మాట్లాడాలన్నది నిబంధన. ఇంట్లో ఉండే పెద్దవాళ్ళందరి నేర చరిత్రా ముందే పరిశీలించాలన్నదీ నిబంధనే. అమెరికా విదేశాంగ శాఖ ఈ వీసా మీద వచ్చిన పిల్లల కోసం ప్రత్యేకంగా ఒక హెల్ప్‌లైన్ నడుపుతోంది. ఆ నంబరు, కోఆర్డినేటర్ నంబరు, ఎమర్జెన్సీకి 911 ఫోన్లోనే కాకుండా ఒక కాగితం మీద కూడా రాసి పర్సులో పెట్టుకోమనండి. కోఆర్డినేటర్‌తో మాట్లాడటానికి మీ అనుమతి అక్కర్లేదని, ఆ తర్వాత ఏం జరిగినా మీరు తన వైపే ఉంటారని పాపకి మీ నోటితో చెప్పండి. ఏడ్చిన రాత్రి మీకు ఫోన్ చేసిందంటే దానికి మీ మీద ఆ నమ్మకం ఉంది. ఆ దారి మూసుకుపోనివ్వకండి.

'మామ్' దగ్గరికి వస్తాను. ఉత్తరం చివర్లో ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు గానీ, మిమ్మల్ని ఎక్కువగా కోస్తున్నది అదేననిపించింది. ఆ ఇంటి పిల్లలు ఏమని పిలుస్తారో అదే పిలుపు నోటికొస్తుంది. మన పిల్లలు పక్కింటావిణ్ణి పిన్నీ అనరూ? బయట దేశంలో మీ బిడ్డకి మందు వేసి పడుకోబెట్టే మనిషి ఒకరున్నారంటే మీకు అసూయ కలగడం తప్పేమీ కాదు, ఏ తల్లికైనా కలుగుతుంది. దాన్ని పాప మీద పెట్టకుండా ఉంటే చాలు. ఆవిడకి మీరొక ఉత్తరం రాయండి. తెలుగులో మీ చేత్తో రాసి ఫొటో తీసి పంపండి, పాపే చదివి చెబుతుంది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళినందుకు థాంక్స్ చెప్పండి, అబద్ధం సలహా మీదేనని ఒప్పుకోండి, పాపకి చిన్నప్పట్నుంచీ అలిసిపోతే మాట తగ్గుతుందో తిండి తగ్గుతుందో ఆ గుర్తులు రాయండి. అవి మీకు తప్ప ఎవరికీ తెలియవు.

మీ వారి గురించి గుంటలు చేస్తారని తప్ప ఏమీ రాయలేదు. ఆయన్ని కూడా ఇందులోకి తీసుకురండి. అక్కడి ఆయనకి సరస్సు ఒడ్డున కేబిన్, ఇక్కడ ఈయనకి రొయ్యల గుంటలు. ఒక పొద్దున గుంట గట్టు మీద నుంచి వీడియో కాల్ చేసి, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగి చూపించమనండి. నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతుంటే నీళ్ళు ఎలా తెల్లగా చిమ్ముతాయో చూపించమనండి. భాష రాకపోయినా మధ్యలో పాప ఉంది. ఆ ఇద్దరు మగవాళ్ళు నీళ్ళ గురించి నాలుగు మాటలు మాట్లాడుకుంటే, మంచు ఎంత మందం ఉందన్న ప్రశ్న మీ వారే సూటిగా అడగొచ్చు.

అత్తగారికి జవాబులు చెప్పే పని మీరొక్కరే నెత్తిన వేసుకోకండి. పాప చేత ఆవిడకే విడిగా ఫోన్ చేయించండి, ప్రయాణం నుంచి వచ్చిన ఆదివారం రాత్రి, అంటే మనకి సోమవారం పొద్దున. చదువు గురించి అడిగితే పాపే చెబుతుంది. స్కూల్ మార్కులు ఆన్‌లైన్లో కనిపిస్తాయి, అవి తగ్గుతున్నాయంటే ప్రయాణాలు తగ్గించమని అడగడానికి అది మంచి కారణం, దాచాల్సిన పని లేదు. అక్కడి స్కూళ్ళు మే చివరికో జూన్ మొదటికో మూసేస్తారు. ఈలోగా ఆ ఉత్తరం, ఆ ఆదివారం ఫోన్ అయ్యాక కూడా పాప ముభావంగానే ఉంటే, తిండి నిద్ర తగ్గితే, సంస్థ వాళ్ళకి చెప్పి కౌన్సెలర్‌తో మాట్లాడించండి. అక్కడి హైస్కూళ్ళలో చాలావాటికి సొంత కౌన్సెలర్ ఉంటారు. నాకూ మళ్ళీ రాయండి.