థ్రిల్లర్లలో చూపించినట్టు ఫెడరల్ ఏజెంట్లు నిజంగానే వలపన్ని స్మగ్లర్లను పట్టుకుంటారా?

పట్టుకుంటారు. విక్తర్ బౌట్ కేసు చూడండి. ఈ రష్యన్ ఆయుధ వ్యాపారి సరుకు విమానాల్లో ఆఫ్రికా యుద్ధాలకు తుపాకులు చేరవేశాడని ఐక్యరాజ్యసమితి నివేదికలే చెప్పాయి. కానీ అమెరికా కోర్టులో నిలబెట్టాలంటే అక్కడి చట్టం కిందికి వచ్చే నేరం కావాలి.

అందుకే డీఈఏ, అంటే అమెరికా మాదకద్రవ్యాల నిరోధక సంస్థ, ఇద్దరు ఇన్‌ఫార్మర్లను కొలంబియా ఫార్క్ గెరిల్లాల మనుషులమంటూ పంపింది. అప్పట్లో ఫార్క్ అమెరికా ఉగ్రవాద సంస్థల జాబితాలో ఉంది. ముందు బౌట్ పాత సహచరుణ్ని కదిపారు. 2008 మార్చి 6న బ్యాంకాక్‌లో ఒక హోటల్ కాన్ఫరెన్స్ గదిలో బౌట్‌తోనే బేరం కుదిరింది. విమానాలను కూల్చే క్షిపణులు కావాలి, కొలంబియాలో అమెరికన్ పైలట్ల మీద వాడతాం అన్నారు వాళ్లు. అతను సరేనన్నాడు. ఆ మాటలన్నీ రహస్యంగా రికార్డవుతున్నాయి. కేసుకు ప్రాణం ఆ రికార్డింగే. ఒక్క క్షిపణి కూడా చేతులు మారలేదు, అయినా ఒప్పుకోవడంతోనే కుట్ర నేరం అయిపోయింది. థాయ్ పోలీసులు అక్కడే అరెస్టు చేశారు.

సినిమాలు ఇక్కడితో ఆపేస్తాయి. బౌట్ మాత్రం థాయ్ కోర్టుల్లో రెండేళ్లకు పైగా పోరాడి, 2010 నవంబరులో న్యూయార్క్ చేరాడు. 2012లో 25 ఏళ్ల శిక్ష పడింది. చట్టం ప్రకారం అదే కనీసం. ఈ వల పన్నకపోతే అతను ఈ నేరాలు చేసి ఉండేవాడనడానికి ఆధారం లేదంటూ జడ్జి అంతకు మించి వేయలేదు. ఈ కేసులో అన్నిటికన్నా ఆలోచించాల్సింది ఆ మాటే అని నా అభిప్రాయం. 2022 డిసెంబరులో బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి బ్రిట్నీ గ్రైనర్‌ను విడిపించుకోవడానికి అమెరికా అతన్ని రష్యాకు అప్పగించింది.