పొదుగువాపు తగ్గినట్టే తగ్గి తిరగబెడుతోందా? జబ్బు ఆవును ఒక్కదాన్నే చూస్తే చాలదు

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా బంగారుపాళెం మండలం. నాలుగు సంకరజాతి ఆవులున్నాయి. పాలు నేనే పితుకుతాను. రెండో ఈత ఆవుకు ఈనిన రెండు నెలలకు వెనక కుడి చన్ను గట్టిపడి, పాలలో తెల్లటి ముక్కలు వచ్చాయి. రెండు రోజులు ఇంజక్షన్ వేయిస్తే తగ్గింది. పదిహేను రోజులకే తిరగబెట్టింది. ఇప్పుడు సంతలో కొన్న ఆవు పాలు కూడా ఉప్పగా ఉంటున్నాయి. ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో వెన్న కాక మిగిలిన ఘనపదార్థాలు) తక్కువ వచ్చిందని సెంటర్‌లో పాలు వెనక్కి పంపారు. పరీక్ష చేయిస్తే స్ట్రెప్టోకాకస్ అన్నారు. అదే వారం మా పదేళ్ల మనవడికి గొంతునొప్పి, జ్వరం వచ్చాయి. ఆసుపత్రిలో వాడికీ స్ట్రెప్టోకాకస్ అనే చెప్పారు. ఆవు నుంచి పిల్లాడికి అంటుకుందా? కోడలికి ఏడో నెల. ఇంట్లో ఈ పాలు వాడొచ్చా? మందు ఎందుకు పనిచేయలేదు?

జవాబు: అమ్మా, ముందు పిల్లాడి సంగతి చెప్తాను. మీ టెన్షన్ అంతా అక్కడే ఉందని అర్థమవుతోంది.

గొలుసులుగా పెరిగే గుండ్రటి సూక్ష్మజీవులు చాలా ఉన్నాయి. ఒకే ఇంటిపేరున్న మనుషులు ఊరూరా ఉన్నట్టు, వాటన్నిటికీ స్ట్రెప్టోకాకస్ అనే పేరే ఉంది. 1933లో రెబెకా లాన్స్‌ఫీల్డ్ అనే అమెరికా శాస్త్రవేత్త వీటిని ఏ, బీ, సీ అంటూ గ్రూపులుగా విడదీశారు. పిల్లల గొంతులో చేరేది ‘ఏ’ (A) గ్రూపుది, పేరు స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్. ఇది మనిషి నుంచి మనిషికి దగ్గు, తుమ్ముల తుంపర్లతో వస్తుంది. బడిలోనో, పక్కింటి పిల్లల దగ్గరో అంటుకుని ఉంటుంది. మీ ఆవు మీద అనుమానం పెట్టుకోకండి.

కానీ పిల్లాడికి ఇచ్చిన మందు మాత్రం ఒక్క పూట కూడా మానొద్దు. రెండు మూడు రోజుల్లో జ్వరం తగ్గి వాడు ఆడుకోవడం మొదలుపెడతాడు. అప్పుడే చాలామంది ఇళ్లలో మందు ఆపేస్తారు. పెన్సిలిన్ జాతి మాత్రలైతే మామూలుగా పది రోజుల కోర్సు ఉంటుంది, అది పూర్తిగా వేయాల్సిందే. గొంతు సరిగ్గా నయం కాకపోతే రెండు మూడు వారాల తర్వాత కొందరు పిల్లలకు కీళ్లు వాచి జ్వరం వస్తుంది, గుండె కవాటాలు దెబ్బతింటాయి. ఐదు నుంచి పదిహేనేళ్ల పిల్లల్లో ఈ ముప్పు ఎక్కువ. మీ మనవడి వయసు సరిగ్గా అందులోనే ఉంది. కీళ్ల నొప్పులు గానీ, ఆయాసం గానీ, ముఖం ఉబ్బి మూత్రం ముదురు రంగులో రావడం గానీ కనిపిస్తే వెంటనే చిత్తూరు ప్రభుత్వాసుపత్రికో, తిరుపతి రుయా ఆసుపత్రికో తీసుకెళ్లండి. ఇన్ని దశాబ్దాలుగా వాడుతున్నా ఈ ‘ఏ’ గ్రూపు సూక్ష్మజీవి పెన్సిలిన్‌కు లొంగుతూనే ఉంది. అంత మంచి మందు చేతిలో ఉండి కూడా సగంలో మానేసి పిల్లల గుండెను పాడుచేసుకోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇంకో మాట. గొంతునొప్పి ఉన్నవాళ్లు పాలు పితకకూడదు, పాలక్యాను దగ్గర దగ్గకూడదు. పాలు వేడిచేసి శుద్ధి చేసే పద్ధతి వాడుకలోకి రాకముందు, పితికేవాళ్ల గొంతులోంచి పాలలో పడి ఈ జబ్బు ఊళ్లకు ఊళ్లే పాకిన సందర్భాలు విదేశాల్లో ఉన్నాయి.

ఇక ఆవుల సంగతి. ల్యాబ్ రిపోర్టులో స్ట్రెప్టోకాకస్ పక్కన ఇంకో పేరు ఉంటుంది, చూడండి. అగలాక్టియే అని ఉంటే అది బీ గ్రూపు, ఆవు నుంచి ఆవుకు అంటుకునే రకం. ఊబెరిస్ అని ఉంటే అది తడి గడ్డిలో, పేడలో ఉండి అక్కడి నుంచి చన్నులోకి ఎక్కే రకం. డిస్‌గలాక్టియే రెండు దారుల్లోనూ వస్తుంది. మీరు చెప్పిన తీరు చూస్తే, ఒక ఆవు తర్వాత ఇంకో ఆవుకు రావడం, తగ్గి తిరగబెట్టడం, పైకి వాపు లేకుండానే పాలు ఉప్పగా మారడం, ఇవన్నీ అగలాక్టియే వైపే చూపిస్తున్నాయి.

ఈ అగలాక్టియే ఆవు పొదుగులోనే కాపురం పెడుతుంది. బయట ఎక్కువ కాలం నిలవలేదు. మరి ఒక ఆవు నుంచి ఇంకో ఆవుకు ఎలా చేరుతోంది? పాలు పితికే చేతులతో, అన్ని పొదుగులనూ తుడిచే ఒకే గుడ్డతో, చన్ను జారడానికి వేళ్లకు రాసుకునే పాల నురగతో. జబ్బు పొదుగును తుడిచిన గుడ్డతోనే మంచి పొదుగును తుడిస్తే, జబ్బును మనమే తీసుకెళ్లి అంటించినట్టు. మందు పనిచేయలేదని మీరు అంటున్నారు గానీ, నా అంచనాలో మందు పనిచేసింది. రెండు రోజులకే ఆపడం వల్ల లోపల కొంత మిగిలింది. దానికి తోడు పైకి బాగున్నట్టు కనిపించే ఆవు పొదుగులోంచి మళ్లీ వచ్చి చేరింది. సంతలో కొన్న ఆవే దీన్ని మీ కొట్టానికి తెచ్చి ఉండొచ్చు.

అందుకే నాలుగు ఆవులనూ, ఒక్కో ఆవుకు నాలుగు చన్నులనూ విడివిడిగా పరీక్షించండి. లీటరు నీటిలో 30 గ్రాముల బట్టల సర్ఫు కలుపుకోండి. మొదటి రెండు మూడు ధారలు విడిగా తీసేసి, ఒక్కో చన్ను పాలు ఒక్కో చిన్న గిన్నెలో కొంచెం పట్టండి. పాలు ఎన్ని ఉంటే అన్నే సర్ఫు నీళ్లు పోసి గిన్నెను మెల్లగా గుండ్రంగా తిప్పండి. మంచి పాలైతే నీళ్లలా కదులుతాయి. జిగటగా తీగ సాగినా, జావలా చిక్కబడినా ఆ చన్నులో జబ్బు ఉన్నట్టే. పొదుగులో వాపు మొదలైతే పాలలోకి తెల్లకణాలు గుంపులుగా దిగుతాయి. సర్ఫు వాటిని పగలగొడితే లోపలి పదార్థం బయటికొచ్చి జిగురు కడుతుంది. ఈనిన మొదటి వారంలోనూ, వట్టిపోయే ముందూ మంచి పాలు కూడా కాస్త చిక్కబడతాయి కాబట్టి ఆ రోజుల్లో ఈ పరీక్షను నమ్మొద్దు.

చిక్కబడిన చన్నులన్నిటికీ ఒకేసారి వైద్యం జరగాలి. పొదుగు గట్టిపడిన ఆవుకు ఇప్పుడు, ఇంకోదానికి వచ్చే నెల అంటే కుదరదు. మందు మొదలుపెట్టకముందే పాల నమూనా తీయాలి. చన్ను మొనను స్పిరిట్ దూదితో తుడిచి, మొదటి ధారలు వదిలేసి, శుభ్రమైన సీసాలో పట్టి, ఏ ఆవు, ఏ చన్ను అని రాసి, ఐస్ పెట్టి అదే రోజు ల్యాబ్‌కు చేర్చండి. ఏ మందుకు లొంగుతుందో అక్కడ తేలుతుంది. అగలాక్టియే చాలావరకు పెన్సిలిన్‌కే లొంగుతుంది. ఖరీదైన పెద్ద మందుతోనే మొదలుపెట్టమని డాక్టరును ఒత్తిడి చేయకండి. చన్నులోకి ఎక్కించే ట్యూబులు డాక్టరు రాసిచ్చినన్ని రోజులు పూర్తిగా వాడండి. ఎక్కించే ముందు మీకు దూరంగా ఉన్న చన్నులను ముందు, దగ్గరవాటిని తర్వాత తుడవాలి. మందు మాత్రం ముందు దగ్గరవాటికి, తర్వాత దూరంవాటికి ఎక్కించాలి. అలా చేస్తే తుడిచిన చన్నుకు మీ చెయ్యి తగలదు. ట్యూబు మొన మొత్తం లోపలికి తోయకండి, కొస మాత్రం వెళ్తే చాలు.

కలబంద 250 గ్రాములు, పసుపు 50, సున్నం 15 గ్రాములు నూరి పొదుగుకు పూసే వైద్యం మీ ఊళ్లోనూ చేస్తుంటారు. పూయండి, వాపూ మంటా తగ్గడానికి తోడుగా ఉంటుంది. దాన్నే నమ్ముకుని ట్యూబులు మానేయడం మాత్రం నేను ఒప్పుకోను.

పితికే తీరు మారకపోతే ఈ వైద్యమంతా వృథా అవుతుంది. ముందు తొలి ఈత ఆవును, తర్వాత బాగున్న ఆవులను, చివర్లో జబ్బు ఆవును పితకండి. ఒక ఆవు అయ్యాక చేతులు సబ్బుతో కడగండి. గుడ్డ ఒక్కో ఆవుకు వేరుగా ఉండాలి, లేదా పాత పేపరు వాడి పారేయండి. బొటనవేలు మడిచి పితికే అలవాటు చన్ను లోపలి పొరను నలిపేస్తుంది, పిడికిలి నిండా పట్టి పితకండి. పితకడం అయిపోగానే అర శాతం పోవిడోన్ అయోడిన్ ద్రావణంలో చన్నులను ముంచండి. మిగతావన్నీ ఒక ఎత్తు, ఈ అయోడిన్ ఒక ఎత్తు. చన్ను రంధ్రం మూసుకోవడానికి అరగంట పైనే పడుతుంది. అంతసేపు ఆవు పడుకోకుండా ముందు పచ్చిమేత వేయండి.

జబ్బు పాలను కొట్టంలో పారబోయకండి, గుంటలో పోసి బ్లీచింగ్ చల్లండి. దూడలకు అసలు తాపొద్దు. ఆ నోటితో ఒక పెయ్య ఇంకో పెయ్య చన్నులు చీకితే, ఈనకముందే దాని పొదుగులో జబ్బు నాటుకుంటుంది.

కోడలి విషయం. బాగా పొంగు వచ్చేదాకా కాచిన మంచి ఆవు పాలు నిశ్చింతగా తాగొచ్చు. కాచితే ఈ సూక్ష్మజీవులు చస్తాయి. ముక్కలు పడుతున్న పాలు, ఉప్పగా ఉన్న పాలు కాచినా సరే ఇంట్లో వాడొద్దు. పచ్చిపాలు ఎవరూ తాగొద్దు. బీ గ్రూపు స్ట్రెప్టోకాకస్ మనుషుల్లోనూ ఉంటుంది. కొందరు ఆడవాళ్ల ప్రసవ మార్గంలో ఏ ఇబ్బందీ లేకుండా ఉండి, కాన్పు సమయంలో బిడ్డకు చేరితే రక్తంలోనూ మెదడు పొరల్లోనూ ఇన్‌ఫెక్షన్ తెస్తుంది. మనుషుల్లోని రకాలూ ఆవుల్లోని రకాలూ చాలావరకు వేరు, అప్పుడప్పుడు మాత్రం అటూ ఇటూ మారుతుంటాయి. కాబట్టి ఈ కాన్పు అయ్యేదాకా జబ్బు ఆవును కోడలు పితకకపోవడం మంచిది. తొమ్మిదో నెల మొదట్లో, బీ గ్రూపు ఉందేమో చూసే పరీక్ష గురించి డాక్టరమ్మను అడగండి. ఉందని తేలితే నొప్పులు మొదలయ్యాక ఇచ్చే పెన్సిలిన్ బిడ్డను కాపాడుతుంది.

వైద్యం చేసిన ఆవు పాలను ఆఖరి డోసు తర్వాత మందు పెట్టె మీద రాసినన్ని రోజులు సెంటర్‌కు పోయొద్దు. మందును బట్టి మూడు నాలుగు రోజులో, ఇంకా ఎక్కువో ఉంటుంది. అలాంటి పాలు తోడు పెడితే పెరుగు సరిగా పేరుకోదు. పాలను పెరుగుగా మార్చే సూక్ష్మజీవుల్లో థర్మోఫిలస్ అనే స్ట్రెప్టోకాకస్ కూడా ఉంది, పాలలో మిగిలిన పెన్సిలిన్ దాన్నీ చంపేస్తుంది. పెన్సిలిన్ పడనివాళ్లు తాగితే వాళ్లకు ప్రమాదం.

వెనక కుడి చన్ను రాయిలా గట్టిపడి పాలు పూర్తిగా ఆగిపోతే దాని మీద ఇంకా డబ్బు పెట్టకండి. మిగతా మూడు చన్నులతో ఆవును నడపొచ్చు. ఏ ఆవునైనా ఈనడానికి రెండు నెలల ముందు వట్టిపోగొట్టే రోజున నాలుగు చన్నులకూ డ్రై కౌ ట్యూబులు (వట్టిపోయిన రోజుల కోసం చేసిన మందు) ఎక్కించమని డాక్టరును అడగండి. పాలు ఇచ్చే రోజుల్లో లొంగని ఇన్‌ఫెక్షన్ చాలాసార్లు ఆ రెండు నెలల్లో లొంగుతుంది. నమూనాలు తిరుపతి పశువైద్య కళాశాలకు తేవచ్చు. అంత దూరం రాలేకపోతే మీ రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకుడికి చెప్పండి, లేదా 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఈసారి సంతలో ఆవును కొనేటప్పుడు సర్ఫు నీళ్ల సీసా వెంట తీసుకెళ్లండి. నాలుగు చన్నుల పాలూ చూశాకే బేరం మొదలుపెట్టండి.