అమ్మలూ, ముందు ఆ రక్తపరీక్ష చేయించుకో

అమ్మలూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ధాన్యాలు మానేసి, వ్యవసాయం రాకముందటి పూర్వీకుల్లా తినడం మొదలుపెట్టానని, మూడు వారాలకే ఒళ్లు తేలికైందని రాశావు. చాలా సంతోషం. నేను ఈ తిండికి మారి పదిహేనేళ్లయింది, ఆ తేలికదనం నాకు తెలుసు. కానీ చివర్లో ఒక్క మాట రాసి వదిలేశావు చూడు, డాక్టర్ రాసిన రక్తపరీక్షను సూది భయంతో నాలుగు నెలలుగా వాయిదా వేస్తున్నానని. మిగతా ఉత్తరమంతా ఒక ఎత్తు, నాకు ఆ మాట ఒక ఎత్తు.

తిండి సంగతి త్వరగా చెప్పేస్తాను. 1985లో ఈటన్, కానర్ అనే ఇద్దరు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో రాసిన వ్యాసంతో ఈ ఆలోచనకు వైద్యుల్లో గుర్తింపు వచ్చింది. వ్యవసాయం వచ్చి పదివేల ఏళ్లు దాటిందంతే, మన శరీరం అంతకుముందు లక్షల ఏళ్లు వేటకూ ఏరుకు తినడానికీ అలవాటుపడింది అన్నది వాళ్ల వాదన. అందులో నిజముంది. అయితే పెద్దయ్యాక కూడా పాలు అరిగించుకునే శక్తి కొన్ని జాతులకు పశువులను పెంచడం మొదలయ్యాకే వచ్చింది. అంటే శరీరం మారడం ఆగిపోలేదు. 30,000 ఏళ్ల నాటి నూరుడు రాళ్ల మీద మొక్కల పిండి ఆనవాళ్లు దొరికాయి. ధ్రువప్రాంతాల వాళ్లు ఎక్కువగా మాంసం, చేపలతో బతికారు. టాంజానియాలో హాడ్జాలనే వేటగాళ్ల తెగవాళ్లు దుంపలు, పండ్లు, తేనె, వేటమాంసం తింటారు. పూర్వీకుల తిండి ఒక్కటి కాదమ్మా. ఆకుకూరలు, పండ్లు, గింజలు, గుడ్లు, చేపలు పెంచు. తీపి పానీయాలు, ప్యాకెట్ తిండి తగ్గించు. పీచు ఒక్కసారిగా పెంచకు, కడుపు ఉబ్బుతుంది. షుగర్ మందులు వాడేవాళ్లయితే పిండిపదార్థాలు తగ్గించే ముందు డాక్టర్‌ని అడిగి తీరాలి.

నన్ను కలవరపెట్టింది ఇంకొకటి. ధాన్యం ఉంటుందేమోనని స్నేహితుల ఇంట్లో భోజనాలకు వెళ్లడం మానేశానన్నావు. సూదిని తప్పించుకున్నట్టే ఇప్పుడు తిండిని కూడా తప్పించుకుంటున్నావు. తప్పించుకున్న ప్రతిసారీ మనసుకు హాయిగా ఉంటుంది, ఆ హాయే భయానికి బలం. వారంలో ఒక పూట వాళ్లతో కూర్చుని, వాళ్లు పెట్టింది తిను.

ఇక సూది. నాకు ముప్పై ఏళ్లప్పుడు రక్తం తీస్తుంటే స్పృహ తప్పింది. అక్కడున్నాయన విసుక్కున్నాడు. ఆ తర్వాత పదకొండేళ్లు ఏ పరీక్షకూ వెళ్లలేదు. మంచి తిండి తింటున్నాను కదా, నాకేమవుతుంది అనుకున్నాను. నా రక్తహీనత అందుకే అంత ఆలస్యంగా బయటపడింది. నీకు అలా జరగకూడదని ఇదంతా రాస్తున్నాను.

ఎత్తులంటే, కుక్కలంటే భయపడేవాళ్లకు గుండె దడదడలాడుతుంది కానీ మామూలుగా స్పృహ తప్పదు. రక్తం, సూది భయంలో బీపీ ముందు పెరిగి, తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. కళ్లు తిరిగేది అందుకే. కాబట్టి నీకు అందరూ చెప్పే 'రిలాక్స్ అవ్వు' అనే సలహా ఇక్కడ పనికిరాదు. చేతులు, కాళ్లు, పొట్ట కండరాలు గట్టిగా బిగించు. ముఖం వెచ్చబడేదాకా, అంటే పది పదిహేను సెకన్లు. వదిలేసి అరనిమిషం ఆగు. ఇలా ఐదుసార్లు. రోజుకు కొన్నిసార్లు చొప్పున ఓ వారం ఇంట్లో చెయ్యి. సూది గుచ్చేటప్పుడు ఆ చెయ్యి మాత్రం వదులుగా ఉంచి, మిగతా ఒళ్లు బిగించాలి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ని అడగాలి.

దానితోపాటు మెట్లు వేసుకో. మొదట సిరంజి బొమ్మ, తర్వాత వీడియో, తర్వాత మూత ఉన్న అసలు సిరంజి చేతిలో పట్టుకోవడం, తర్వాత ల్యాబ్‌లో ఊరికే పావుగంట కూర్చోవడం. ప్రతి మెట్టు దగ్గర నీ భయానికి నూటికి ఎన్నో మార్కులు వెయ్యి. అది సగానికి దిగేదాకా అక్కడి నుంచి కదలకు. కళ్లు తిరిగినట్టుంటే కూర్చుని బిగించు, లేచి వెళ్లిపోవద్దు.

1924లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కుందేలంటే భయపడే మూడేళ్లలోపు పిల్లవాడికి ఇష్టమైన తిండి పెడుతూ, పంజరంలోని కుందేలును కొంచెం కొంచెంగా దగ్గరికి తెచ్చింది. చివరికి వాడు దాన్ని నిమిరాడు. నాకు ఈ సంగతి తెలిసిన రోజు ఎంత ధైర్యం వచ్చిందో! నువ్వూ సిరంజి బొమ్మ ముందు పెట్టుకుని నీకిష్టమైన పండు తిను.

పూటలు మానేసి ఈ సాధన చెయ్యకు. ఆకలికి వచ్చే వణుకు, దడ అచ్చం భయంలాగే ఉంటాయి, మనసు మోసపోతుంది. పరగడుపున చేసే పరీక్షయితే పొద్దున్నే మొదటి టైమ్ తీసుకో, మంచినీళ్లు తాగొచ్చేమో అడుగు. నాకు స్పృహ తప్పుతుంది, పడుకోబెట్టి తీయండి అని వెళ్లగానే చెప్పు. సిగ్గుపడకు, వాళ్లకు ఇది కొత్త కాదు.

తేదీ ఖాయం కాగానే ఫోన్ చెయ్యి. పొద్దున్నే వచ్చి పక్కన కూర్చుంటాను, ఇద్దరం కలిసి బిగిద్దాం.

నీ అత్త