మూడు వారాల కోడిపిల్లలు ఒకదాని ఈకలు ఒకటి పీకుతుంటే

మూడు వారాల పిల్లల్లో ఒకటి మిగతావాటి తోక మొదట్లో ఈకలు పీకుతోందని, ఒకదానికి రక్తం కూడా వచ్చిందని, ముక్కు కత్తిరించాలా అని మీరు అడిగారు. ముక్కు జోలికి వెళ్లకండి. గాయపడిన పిల్లను మాత్రం ఇప్పుడే వేరు చేయండి, ఎందుకంటే ఎరుపు కంటబడితే అంతవరకు ఊరకున్న పిల్లలు కూడా అక్కడే పొడవడం మొదలుపెడతాయి, ఆ అలవాటు పడిన తరువాత మాన్పించడం చాలా కష్టం.

తరువాత పోటు ఎక్కడ పడుతోందో గమనించండి. రెండు పిల్లలు ఎదురెదురుగా మెడలు నిక్కించి, రొమ్ములతో ఢీకొని, తల మీద ఒక పోటు పొడిచి విడిపోతే అది పెత్తనం కోసం జరిగే తగువు. రక్తం రానంతవరకు మనం కలగజేసుకోనక్కరలేదు. వెనుక నుంచి మెల్లగా వచ్చి, వీపు మీదో తోక దగ్గరో ఈకను లాగి, ఒక్కోసారి మింగేస్తే మాత్రం అది కోపం కాదు. నేల గీరి మేత వెతుక్కోవలసిన ముక్కుకు పని లేక ఈకల మీదికి మళ్లడం. ఈ వయసులో నూగు రాలి కొత్త ఈకలు వస్తుంటాయి, వాటి మొదళ్లలో రక్తం ఉంటుంది కనుక ఒక్కటి తెగినా చుక్క బయటపడుతుంది.

నేను పెంచిన పిల్లల్లో ఈ గొడవకు ఎక్కువగా వేడే కారణమైంది. మొదటి వారం దీపం కింద సుమారు 35 డిగ్రీల సెల్సియస్ ఉంచి, ఆపైన వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి. మీ పిల్లలకు ఇప్పుడు 29కి మించి అక్కరలేదు. అవి గోడకు అతుక్కుని నోరు తెరిచి రొప్పుతున్నాయంటే థర్మామీటర్ ఏమి చూపినా వేడి ఎక్కువైనట్లే. దీపాన్ని బ్రూడర్ (పిల్లలను వెచ్చగా ఉంచి పెంచే పెట్టె) నడిమధ్య నుంచి ఒక చివరకు జరిపి, రెండో చివర చల్లగా వదిలాక మా పిల్లలు ఇరుక్కుని నిలబడడం మానాయి, పీకడమూ బాగా తగ్గింది. తెల్లని బల్బుకు బదులు ఎర్ర బల్బు పెడితే గాయం అంత స్పష్టంగా కనబడదు.

చోటు కూడా చూసుకోండి: ఇప్పుడు పిల్లకు కనీసం అర చదరపు అడుగు, నెల దాటేసరికి ఒక చదరపు అడుగు కావాలి. ఒక పిల్లే కాపలా కాయకుండా దాణా, నీళ్ల తొట్లు రెండు చోట్ల పెట్టండి. 18 నుంచి 20 శాతం ప్రోటీన్ ఉన్న స్టార్టర్ దాణాకు (చిన్న పిల్లలకు వేసే మేతకు) బదులు నూకలే ఎక్కువగా వేస్తే ఈకలు పెరగడానికి కావలసిన పోషణ అందదు. ముక్కుకు పని కల్పించడానికి ఆకుకూర కట్టను వాటి తల ఎత్తున వేలాడదీసి, ఒక పళ్లెంలో పొడిమట్టి పెట్టండి; ఆకు అరగడానికి కాస్త ముతక ఇసుక కూడా ఉండాలి.

గాయాన్ని పొవిడోన్ అయోడిన్‌తో శుభ్రం చేసి, పూర్తిగా మానేదాకా ఆ పిల్లను వల అవతల, మిగతావాటికి కనబడేలా ఉంచండి, లేకపోతే తిరిగి కలిపినప్పుడు కొత్తదనుకుని పొడుస్తాయి. మీరు చెప్పినట్లు పీకేది ఒక్కటే అయితే దానినీ కొద్ది రోజులు విడిగా పెట్టండి. తిరిగి వచ్చేసరికి గుంపులో దాని స్థానం కొంత దిగజారి, జోరు తగ్గుతుంది.