అమెరికాలో క్రిస్మస్‌కి పోస్ట్‌మ్యాన్‌కి డబ్బులివ్వొచ్చా?

మన దగ్గర దసరా మామూలు ఇచ్చినట్టు చేతిలో నోటు పెట్టకండి. అక్కడి పోస్టల్ సర్వీస్ ఉద్యోగులకు ఫెడరల్ నిబంధనలు వర్తిస్తాయి. నగదు, చెక్కు ఎంత చిన్న మొత్తమైనా తీసుకోకూడదు. ఒక్కో సందర్భానికి 20 డాలర్లు మించని వస్తువు ఇవ్వొచ్చు, అదీ ఒకరి నుంచి ఏడాదికి మొత్తం 50 డాలర్లు దాటకూడదు. కాఫీ షాపు గిఫ్ట్ కార్డు పర్లేదు. వీసా గిఫ్ట్ కార్డు లాగా ఎక్కడైనా డబ్బులా వాడుకునేది మాత్రం కుదరదు. నన్నడిగితే మంచులో తిరిగే మనిషికి ఉన్ని గ్లవ్స్, థాంక్స్ అని రాసిన కార్డు చాలు. మన అరిసెలైతే ఇంకా నయం!

ఇంటికొచ్చి పిల్లల్ని చూసుకునేవాళ్లకు, ఇల్లు శుభ్రం చేసేవాళ్లకు ఈ గొడవ లేదు. కవర్లో నగదు పెట్టి ఇవ్వడమే అక్కడి అలవాటు.