శీతోష్ణస్థితి సముద్ర జీవులను, నేలపై జీవులను ఎలా మలుస్తుంది?

నేలపై జీవించే ప్రాణులకు చాలాచోట్ల నీరే పెద్ద పరీక్ష. నాగజెముడు జాతి మొక్కలు పత్రరంధ్రాలను ప్రధానంగా రాత్రి చల్లబడ్డాకే తెరిచి, పగటి ఎండకు నీరు ఆవిరైపోకుండా కాపాడుకుంటాయి.

సముద్రంలో నీటికి కొరత లేదు. అక్కడ వెలుతురు, పోషకాలు ఒకేచోట దొరకడమే కష్టం. కిరణజన్య సంయోగక్రియకు సరిపడే వెలుతురు సుమారు 200 మీటర్ల లోతు వరకే అందుతుంది, పోషకాలేమో అడుగుకు చేరుకుంటాయి. పెరూ తీరంలో గాలులు పైనీటిని తీరానికి దూరంగా నెట్టినప్పుడు, లోతులోని చల్లని, పోషకాలు నిండిన నీరు పైకి ఉబికి వచ్చి, వృక్షప్లవకాలను (నీటిలో తేలియాడే అతి సూక్ష్మమైన మొక్కల్లాంటి జీవులను), వాటి ఆధారంగా పెరిగే ఆంకోవీ చేపలను, ఆ చేపలను తినే పక్షులను పోషిస్తుంది. బలమైన ఎల్‌నినో (పసిఫిక్ మహాసముద్రపు పైనీరు మామూలుకన్నా వేడెక్కే పరిస్థితి) వచ్చిన ఏడాది వెచ్చని నీరు ఆ తీరాన్ని కప్పేయడంతో ఈ ఆహారపు గొలుసంతా దెబ్బతింటుంది.

అన్నిటికన్నా ఆలోచింపజేసే ఉదాహరణ, నా దృష్టిలో, సముద్రపు తాబేలు. బతుకంతా నీటిలో గడిపినా గుడ్లను ఒడ్డున ఇసుకలోనే పెడుతుంది. పిల్ల మగదో ఆడదో నిర్ణయించేది ఆ ఇసుక వేడి: సుమారు 29 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండూ పుడతాయి, అంతకన్నా చల్లగా ఉంటే మగవి, వేడెక్కితే ఆడవి ఎక్కువవుతాయి. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర తీరాల్లో పుట్టిన పచ్చ తాబేళ్లలో, ఇంకా ఎదగని వాటిలో 99 శాతానికి పైగా ఆడవేనని 2018లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది.